మంచాన పడ్డవాడి వాటా

బ్యాంకులో పడ్డ డబ్బుకు నోరుంటే ఈ కథే లేదు. నేను ఫలానా వాళ్లకోసం వచ్చానమ్మా, ఫలానా పనికి తప్ప నన్ను ముట్టుకోవద్దు అని అది చెప్పి ఉంటే మాలకొండమ్మ చెవులు మూసుకునే మనిషి కాదు. అది చెప్పలేదు. ఫోనుకు ఇంగ్లీషులో ఒక మెసేజ్ మాత్రం వచ్చింది. అలాంటివి ఆమెకు రోజూ బోలెడు వస్తాయి. సిమ్ కార్డు కంపెనీకి ఆమె మీద ఉన్న ప్రేమ కట్టుకున్న మొగుడికి కూడా లేదు.

అప్పుడు మే నెల చివరి రోజులు. ఎర్రదిబ్బపాళెంలో బోట్లన్నీ ఇసుకలో కూర్చుని ఎండకు పెచ్చులూడుతున్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు ఏటా రెండు నెలలు సముద్రానికి తాళం వేస్తుంది. తాళం వేసిన పాపానికి వేటకు పోయేవాళ్లకు ఇంత అని భృతి ఇస్తుంది. ఇంతవరకు తీరమంతా ఒకటే కథ. ఆ తర్వాతి కథ మాత్రం ఎర్రదిబ్బపాళేనిది.

భృతి ఊళ్లో అందరికీ రాదు. ఒకడి పేరు రేషన్ కార్డులో ఉండదు. ఒకడి వయసు ఆధార్‌లో తప్పు పడుతుంది. ఒకడు సర్వే చేసే రోజున మేనమామ కూతురి పెళ్లికి పోయి ఉంటాడు. సముద్రం మాత్రం అందరికీ ఒకేసారి మూసుకుంటుంది. అందుకని డబ్బు పడ్డవాళ్లంతా దాన్ని తీసుకొచ్చి ఊరి కట్టుబాటు చూసే పెద్దకాపు చిన్నపోలయ్య ముందు పెడతారు. ఆయన దాన్ని ఇంటింటికీ సమానంగా పంచుతాడు. ఎవరిది పడింది, ఎవరిది పడలేదు అనే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తకూడదు. ఇది తాతల నాటి కట్టుబాటు. తాతల నాడు భృతి ఎక్కడుంది అని అడక్కండి. తాతల నాడు ఆకలి ఉంది కదా, చాలు.

మాలకొండమ్మ మొగుడు సుబ్బు వేట మానుకుని చాలా ఏళ్లయింది. ఒడ్డుకొస్తున్న బోటును అల తిరగేస్తే అది అతని నడుం మీద పడింది. నెల్లూరు ఆసుపత్రి నుంచి చేతికర్రతో తిరిగొచ్చాడు. ఆ కర్రతో ఇంటి నుంచి ఒడ్డుకు నడవగలడు, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేయగలడు. ఇంకేమీ చేయలేడు. అయినా ఊరు అతన్ని వదల్లేదు. బోటు వచ్చాక వల దులిపి ఇసుక మీద చేపల్ని కుప్పలు పెడతారు. వేటకు పోయిన ప్రతి మనిషికీ ఒక కుప్ప. వేటలో దెబ్బతిని మంచాన పడ్డవాడికీ ఒక కుప్ప. కుప్పలు పెట్టే ఓబయ్య ఒక్కొక్క పేరు పిలుస్తాడు. “సుబ్బన్నా” అన్నప్పుడు సుబ్బు కూర్చున్నచోటి నుంచే “ఓయ్” అంటాడు. ఆ కుప్పను మాలకొండమ్మ బుట్టకెత్తుకుని కోట బజారులో అమ్ముకొస్తుంది. ఇల్లు నడిచేది దానిమీదే. కానీ సుబ్బు పొద్దున్నే లేచి ముఖం కడుక్కునేది ఆ “ఓయ్” అనడానికేనని ఆమెకు తెలుసు.

పోయిన ఏడాది భృతి సర్వేకు మనుషులు వచ్చినప్పుడు నలుగురు కుర్రాళ్లు సుబ్బును ఎత్తి బోటులో కూర్చోబెట్టారు. చేతికి తాడు ఇచ్చారు. ఫొటోలో చూస్తే అప్పుడే తుపాను దాటి వచ్చినవాడిలా ఉన్నాడు. చిక్కంతా వేలిముద్ర దగ్గర వచ్చింది. పాతికేళ్లు తాళ్లు లాగిన వేళ్లు, గీతలన్నీ అరిగిపోయాయి. ఎంత నొక్కినా ఆ మిషన్ ఇలాంటి మనిషే లేడు పొమ్మంది. దాంతో భృతి పెళ్లాం ఖాతాలో పడేట్టు రాసుకున్నారు. అలా రాసుకున్న ఏడాది పైసా పడలేదు.

ఆ ఏడాది మాలకొండమ్మ ఉమ్మడిలో ఏమీ వేయకుండానే వాటా తీసుకుంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును అనిపించింది ఆమెకు. ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద అంటారు. ఎన్నాళ్లుగానో తన చెయ్యి కిందే ఉండిపోయిందని ఆమెకు లోపల్లోపల కాలుతూ ఉండేది.

అందుకే ఈ మే నెలలో ఊళ్లో వాళ్లందరికీ భృతి పడుతుంటే, ఆమె కూడా బ్యాంకు డబ్బు తీసిచ్చే వేలిముద్ర మిషన్ పెట్టుకున్న సుభాషిణి దగ్గరికి పోయి బొటనవేలు పెట్టింది.

“పడుండాది అక్కా,” అంది సుభాషిణి. “అందరికంటే నీకు ఎక్కువ పడుండాది.”

“ఎందుకంట?”

“పోయినేడుది పడలా గదా. రెండూ కలిపి ఏసుంటారు.”

ఆ మాటలో తప్పేముంది? నాకూ అంతే అనిపించేది, మీకూ అంతే అనిపించేది. మాలకొండమ్మ మొత్తం తీసుకుని కొంగులో ముడేసుకుంది. తిన్నగా పోయి చిన్నపోలయ్య ముందు పెట్టింది. పోయినేటిది కూడా ఇందులోనే ఉంది మామా అని చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మెడ నిటారుగా ఉంది. ఆ రోజంతా అలాగే ఉంది. ఆ సాయంత్రమే పంపకం అయిపోయింది.

ఇక్కడ ఉష సంగతి చెప్పాలి. మాలకొండమ్మకు ఒక్కతే కూతురు, నెల్లూరులో నర్సింగ్ చదువుతోంది, ఇది ఆఖరి ఏడాది. పాళెంలో నర్సింగ్ చదివే పిల్ల ఇంకొకతె లేదు. సెలవులకు వచ్చిందంటే బీపీ చూడమని ఊళ్లోవాళ్లంతా చేతులు చాపుకుని వాకిట్లో కూర్చుంటారు. ఆ చదువుకు ఫీజు సర్కారు ఇస్తుంది. కాలేజీకి నేరుగా ఇవ్వదు, తల్లి ఖాతాలో వేస్తుంది. తల్లి తీసుకెళ్లి కాలేజీలో కట్టాలి. ఇంతకుముందు పడినప్పుడల్లా ఉషే వచ్చి, తల్లిని వెంటబెట్టుకుని డబ్బు తీయించి, కట్టించుకుపోయేది. ఈసారి ఆసుపత్రిలో డ్యూటీలు వేశారు, రాలేకపోయింది.

జూన్ మొదటి వారంలో వచ్చింది. చెప్పులు విప్పుతూనే అడిగింది.

“అమ్మా, ఫీజు పడి వారం దాటిందంట గదా. రేపు పోయి కట్టేద్దామా? కడితేగానీ హాల్ టికెట్ ఇవ్వమంటుండారు.”

“ఏ ఫీజు?” అంది మాలకొండమ్మ.

ఉష తల్లి ఫోను తీసుకుంది. వేలితో కిందికి జరుపుకుంటూ పోయి ఆ ఇంగ్లీషు మెసేజ్ దగ్గర ఆగింది. ఇది నా ఫీజమ్మా, నాయన భృతి కాదు అంది. ఇంకా నవ్వుతూనే అంది. తల్లి ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది.

మాలకొండమ్మ జరిగింది చెప్పింది. చెప్పడానికి ఎంతో సేపు పట్టలేదు. సుబ్బు అరుగు మీద కూర్చుని వల కండె చేతిలో పట్టుకుని ఉన్నాడు, దారం ఎక్కించడం మానేశాడు. మరి సుబ్బు భృతి ఏమైనట్టు? అది ఈ ఏడూ రాలేదు. ఫొటోలో ఒక మూల చేతికర్ర కొస కనిపిస్తోందని పైనున్న ఆఫీసరెవరో పేరు కొట్టేశాడట. సర్కారు కళ్లు కొన్నిటికి బాగా కనిపిస్తాయి.

“అయితే ఊరంతా కలిసి నా ఫీజు తినేసినారు,” అంది ఉష.

“అట్టా అనబాకు. వాళ్లకేం తెలుసు? ఏసింది నేను.”

“నువ్వు అందరి వాటా ఏసినావు. నాయన వాటా ఉండాది, భృతి రాని కిష్టమ్మత్త వాటా ఉండాది, ఊళ్లో లేనోళ్ల వాటా కూడా ఉండాది. నా వాటా యాడమ్మా?”

అరవలేదు. అరిచి ఉంటే మాలకొండమ్మ కూడా అరిచి ఉండేది, ఇద్దరికీ కొంత తేలికయ్యేది. ఉష సంచీలోంచి పుస్తకం తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. చదవలేదు. పుస్తకం తెరిచిందంతే. ఆ రోజు ఆమె డ్యూటీకని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. అన్నం తినలేదు.

మర్నాడు మాలకొండమ్మ పెట్టెలో ఉన్న మంచి చీర కట్టుకుని నెల్లూరు పోయింది. కాలేజీ ఆఫీసులో నరేంద్రబాబు అనే మేనేజర్ ఉన్నాడు. చెడ్డవాడు కాదు, కూర్చోమన్నాడు, ఫ్యాన్ ఆమెవైపు తిప్పించాడు. కంప్యూటర్‌లో చూసి, మీ ఖాతాలో జమ అయిందమ్మా, మాకు కనిపిస్తోంది అన్నాడు.

“అయింది సార్. పొరపాటున వేరే దానికి పోయింది. వేట తెరిచినాక కడతాను. అందాకా బిడ్డకు హాల్ టికెట్ ఇప్పించండి.”

“వేట ఎప్పుడు తెరుస్తారు?”

“ఈ నెల పదిహేనున.”

“పరీక్షలు మొదలయ్యేదీ ఆ రోజే. గడువు ఈ శనివారం. అయినా వేరే దానికి అంటే దేనికి?”

మాలకొండమ్మ నోరు తెరిచింది. మా ఊళ్లో భృతి అందరం ఒకచోట వేస్తాం సార్ అని మొదలుపెట్టింది. చెబుతుంటే ఆ మాటలు ఆ గదిలో ఎలా వినిపిస్తున్నాయో ఆమెకే వినిపించింది. పాళెంలో ఇసుక మీద నిలబడి చెబితే అది ధర్మం. ఫ్యాన్ కింద చెబితే పిచ్చిదాని మాటల్లా ఉంది.

“ఊరికంతా పంచిపెట్టారా?” అన్నాడు నరేంద్రబాబు. “ఎలక్షన్లలో గానీ నిలబడుతున్నారా అమ్మా?”

పక్క సీటులోవాళ్లు నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. మెల్లగా, నచ్చజెప్పినట్టే అన్నాడు. “ఇది మాకు కొత్త కాదమ్మా. ప్రతిసారీ కొందరు తల్లులు వాడేసుకుంటారు. ఒకరు గొలుసు విడిపించుకుంటారు, ఒకరు టీవీ కొంటారు. అందరూ పొరపాటున అనే చెబుతారు. మీకు ఇస్తే వాళ్లందరికీ ఇవ్వాలి.”

కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది. మాలకొండమ్మ దణ్ణం పెట్టి లేచింది. బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లన్నీ తిరిగిన మనిషి ఆమె, త్రాసులో ఒక్క చేప కూడా తగ్గించి తూచలేదని కోట బజారంతా చెబుతుంది. ఆమెను ఇవాళ బిడ్డ ఫీజు మింగిన తల్లుల వరసలో నిలబెట్టారు. బస్సు కోట దాటి రొయ్యల చెరువుల గట్ల మీదుగా పోతున్నంతసేపూ ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కన కూర్చున్నామె పన్నునొప్పి అనుకుని లవంగం ఇచ్చింది.

బస్సు దిగి తిన్నగా చిన్నపోలయ్య ఇంటికి పోయింది. ఆయనకు డెబ్బై దాటాయి. మాట తక్కువ. మొత్తం విన్నాడు.

“సాయం అడుగు అమ్మణ్ణీ,” అన్నాడు. “వేట తెరిచిన మొదటి రోజు పడిందంతా నీకే ఇప్పిస్తా. కష్టంలో ఉండే ఇంటికి ఇయ్యడం కట్టుబాటులోనే ఉండాది. ఎవురూ కాదనరు.”

“శనివారం దాటితే దాంతో పనేముంది మామా? నేను సాయం అడగడంలా. ఏసింది తిరిగిమ్మంటుండా.”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఆ మాట అనబాకు. పంచినాక తిరిగి అడిగినోళ్లకు ఇయ్యాలి. ఇయ్యక తప్పదు. కానీ ఆ ఇంటికి ఇంక ఊళ్లో వాటా ఉండదు. దేంట్లోనూ ఉండదు. సుబ్బు కుప్ప కూడా. నీకు తెలవదు, నేను పుట్టినాక ఎవురూ అడగలా. మా నాయన చెప్పినాడు నాకు.”

“నాది కానిది నేను ఏసినా మామా. అది ఉష సొమ్ము. నాది కానిది ఏస్తే అది వాటా ఎట్టా అవుద్ది?”

“నువ్వు చెప్తే నేను నమ్ముతా. రేపు ఇంకోడు వస్తాడు, నేనేసింది నాది కాదు, మా బామ్మర్దిది అంటాడు. వాణ్నీ నమ్మాల. ఆ ఎల్లుండికి ఉమ్మడి ఉండదు. ఉమ్మడి లేకపోతే నీ మొగుడు ఇన్నాళ్లు ఏం తిని బతికేవాడు?”

ఆ మాటా నిజమే. అదే ఆమెకు మండింది. ఆయన దుర్మార్గుడైతే తిట్టిపోసేది. న్యాయం మాట్లాడేవాణ్ని ఏమని తిడతాం? నెల్లూరులో ఫ్యాన్ తిప్పించిన మేనేజరూ ఇదే అన్నాడు, మీకు ఇస్తే అందరికీ ఇవ్వాలని. న్యాయమంతా ఒక పక్కన చేరి కూర్చుంది, తన బిడ్డ ఒక్కతే ఇంకో పక్కన ఉంది.

ఇంటికొచ్చి సుబ్బుకు చెప్పింది. సుబ్బు వింటూ వింటూ కండె కింద పెట్టాడు.

“అడగబాక మే,” అన్నాడు.

“అడక్కపోతే బిడ్డ పరీక్ష పోతుంది.”

“మళ్లీ రాస్తాది. పరీక్ష యాడికి పోద్ది? అందరూ తప్పి రాయడంలా? ఆర్నెల్లో ఏడాదో.”

“ఏడాది హాస్టలుకు ఎవురు కడతారు? తప్పినోళ్లకు సర్కారు ఇస్తుందా? అది మధ్యలో మానేసి వస్తే ఏం జేస్తది, నాతో బుట్ట పట్టుకుంటదా?”

“బుట్ట పట్టుకుంటే తప్పేంది? నువ్వు పట్టుకోలా?” అని, ఆ మాట తనకే రుచించక సుబ్బు తల దించుకున్నాడు. మళ్లీ అన్నాడు. “నా నడుం పోయింది. సముద్రం పోయింది. వాళ్లు పేరు పిలస్తారు గదా, ఒడ్డున కూసుంటే. అదొక్కటే ఉండాది నాకు. అది తీసేయబాక మే.”

మొగుడు ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం ఆమె చాలా ఏళ్లుగా వినలేదు. ఆసుపత్రిలో నొప్పికి మెలికలు తిరిగినప్పుడు కూడా ఇంటికి పోదామనలేదు, మందడగలేదు. మాలకొండమ్మ పొయ్యి వెలిగించి బియ్యం కడిగింది. కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగింది. నా వాటా యాడమ్మా అన్న మాట నీళ్లలో తేలుతున్నట్టే ఉంది. ఊరు మంచాన పడ్డవాడికి కుప్ప పెడుతుంది, మంచిదే. లేచి నిలబడబోతున్న ఆడపిల్లకు కుప్ప పెట్టాలని ఏ తాతకూ ఎందుకు తోచలేదో ఆమెకు అర్థం కాలేదు. కోపం వచ్చింది. తాతల మీద వచ్చింది, సర్కారు మీద వచ్చింది, అన్నిటికంటే ఎక్కువ తన నిటారు మెడ మీద వచ్చింది. ఆ రోజు అంత గొప్పకు పోకుండా ఒక్కమాట కూతురికి ఫోను చేసి అడిగి ఉంటే ఏం పోయేది?

మరునాడు పొద్దున వలల కొట్టం ముందు ఊరు కూడింది. మాలకొండమ్మే పిలిపించింది. ఆడమనిషి ఊరిని పిలిపించడం కూడా కొత్తే. మగవాళ్లు ఇసుకలో కూర్చున్నారు, ఆడవాళ్లు వెనక నిలబడ్డారు. సుబ్బు రాలేదు.

“నేనేసింది నా బిడ్డ ఫీజు,” అంది మాలకొండమ్మ. “తెలవక ఏసినా. తిరిగి ఇయ్యండి.”

వెనక నుంచి ముసలి వెంకటశేషమ్మ, “సాయమని అడగవే పిచ్చిదానా, సాయమని అను,” అంది. ఆ ముసలిదానికి కట్టుబాటు తెలుసు.

“సాయం కాదు. తిరిగి ఇయ్యండి.”

చిన్నపోలయ్య కట్టుబాటు చెప్పాడు. కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, వాళ్లలో చాలామంది అలాంటిదొకటి ఉందని మొదటిసారి విన్నారు. ఒకప్పుడు సుబ్బు పనిచేసిన బోటు యజమాని ప్రసాద్ లేచి, ఇదేం న్యాయం పెదనాయనా, సుబ్బన్న కుప్ప నా దాంట్లోంచి నేను పెడతా అన్నాడు. చిన్నపోలయ్య అతని వైపు చూసి, పెట్టొచ్చు, అది నీ బిచ్చమవుద్ది, ఊరి వాటా కాదు, సుబ్బు తీసుకుంటాడేమో అడుగు అన్నాడు. ప్రసాద్ కూర్చున్నాడు. సుబ్బు తీసుకోడని అందరికీ తెలుసు.

“ఒప్పుకుంటావా మాలకొండీ?” అని అడిగాడు పెద్దకాపు.

“ఒప్పుకుంటుండా,” అంది.

శుక్రవారం సాయంత్రం దాకా ఇంటింటి నుంచీ తెచ్చిచ్చారు. తిన్నది తిరిగి కక్కాలంటే ఎవరికైనా కష్టమే. కొందరు నోట్లు చేతిలో పెట్టి, బిడ్డ బాగా రాయాల అన్నారు. కొందరు అరుగు మీద పెట్టి పలకరించకుండా పోయారు. ఓబయ్య భార్య కొత్తగా కొన్న వలను కోటలో సగానికి అమ్ముకుని వచ్చింది. నీ బిడ్డ సూదులు పొడవడం నేర్చుకుంటుండాదంట, ముందు మాకే పొడిచింది అని వాకిట్లో నిలబడి అనేసిపోయింది. వెంకటశేషమ్మ తన వాటా ఖర్చే పెట్టలేదు. పంచిన రోజున కొంగులో వేసుకున్న ముడి అలాగే విప్పి ఇచ్చింది.

శనివారం మాలకొండమ్మ నెల్లూరు పోయి కట్టేసింది. నరేంద్రబాబు రసీదు ఇస్తూ, చూశారా, మనసు పెడితే దొరుకుతుంది అన్నాడు. ఆమె రసీదు మడిచి కొంగులో ముడేసుకుంది. హాల్ టికెట్ చేతికిచ్చినప్పుడు ఉష తల్లిని పట్టుకుని, ఎట్టా తెచ్చినావమ్మా అని అడిగింది. ఊరోళ్లే ఇచ్చినార్లే అంది. ఉష కళ్లు తుడుచుకుని, నేను ఆ రోజు నోటికొచ్చినట్టు అనేసినా, ఊళ్లో అందరికీ చెప్పమ్మా, ఉద్యోగం రాగానే అందరికీ చీరలు, పంచెలు పెడతానని చెప్పు అంది. చెప్తాలే అంది మాలకొండమ్మ. అసలు సంగతి చెబితే పిల్ల పరీక్ష రాయదు.

ఆ ఊరి కూడిక నుంచీ సుబ్బు ఆమెతో మాట్లాడలేదు. పెట్టింది తిన్నాడు. దుప్పటి కప్పితే కప్పించుకున్నాడు. ముఖం మాత్రం గోడవైపే.

పదిహేనో తేదీ వేట తెరిచారు. తెల్లారకముందే బోట్లన్నీ పోయాయి. సుబ్బు ఎప్పటిలాగే ముఖం కడుక్కున్నాడు, కర్ర తీసుకున్నాడు. ఈ రోజు వద్దులేయ్యా అని మాలకొండమ్మ అడ్డం నిలబడింది. అతను ఆమెను తప్పించుకుని నడిచాడు. ఆమె ఖాళీ బుట్ట పట్టుకుని వెనకే పోయింది.

మధ్యాహ్నానికి బోట్లు వచ్చాయి. రెండు నెలలు ముట్టుకోని సముద్రం, చేప బాగా పడింది. ఆడవాళ్ల నవ్వులు, పిల్లల కేకలు, కోట నుంచి వచ్చిన వ్యాపారుల ఆటోలు. ఓబయ్య ఇసుక మీద కుప్పలు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. సుబ్బు తన చోట కూర్చుని ఉన్నాడు. ప్రతిసారీ ప్రసాద్ తర్వాత వచ్చేది అతని పేరే.

“ప్రసాదూ.”

“ఓయ్.”

ఓబయ్య తల ఎత్తలేదు. కాస్త ఆగాడు. “గిరిబాబూ,” అన్నాడు.

సుబ్బు నోరు అప్పటికే తెరుచుకుని ఉంది. మాలకొండమ్మ చూసింది. అతను దాన్ని మెల్లగా మూసుకున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఊరంతా ఎంత అవస్థ పడుతోందో కనిపిస్తూనే ఉంది. ఆమెకు ఆ ఇసుకలో కూరుకుపోవాలనిపించింది. నేనే చేశాను ఇతనికి ఇది, ఇంకెవరూ కాదు అనుకుంది.

అప్పుడే ఫోను మోగింది. ఉష.

“రాసినానమ్మా. బాగా రాసినా. వచ్చిన ప్రశ్నలన్నీ వచ్చినాయి నాకు.” పిల్ల ఆగకుండా చెప్పుకుపోతోంది. “వేట తెరిచినారు గదా ఇయాళ? నాయన యాడుండాడు? ఫోను నాయనకు ఇయ్యి, నేను చెప్తా.”

మాలకొండమ్మ ఫోను సుబ్బు చేతికి ఇచ్చింది. తీసుకోడేమో అనుకుంది. తీసుకున్నాడు. ఉష గొంతు బయటికి కూడా వినిపిస్తోంది.

“నాయనా, పేరు పిలిచినారా? మన కుప్పకు ఏం పడింది?”

సుబ్బు కుప్పల వైపు చూశాడు. ఉన్నవాటిలో పెద్దది గిరిబాబు కుప్ప, దానిమీద నిగనిగలాడుతూ ఒక వంజరం చేప ఉంది.

“మనకా,” అన్నాడు. “మనకు వంజరం పడింది తల్లీ. నా చెయ్యంత ఉండాది. మీయమ్మ తలకాయ పులుసు పెడతానంటుండాది. నువ్వు రేపటి పరీక్షకు చదువుకో.”

ఫోను ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఇన్ని రోజుల తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. “బుట్ట తీసుకో మే. అమ్మకానికి వేలంపాట మొదలవతా ఉండాది,” అన్నాడు.

మాలకొండమ్మ లేచి, కోట నుంచి వచ్చిన వ్యాపారుల వెనక పోయి నిలబడింది. పాట పెడుతున్న ఓబయ్యకు ఆమె వరసకు వదిన. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ వదినా అనే పిలుస్తున్నాడు. ఇవాళ మాత్రం తల వంచుకుని, బయటూరి మనుషుల్ని అడిగినట్టే, “ఎంతకు పాడతావమ్మా?” అని అడిగాడు.